దంభము, అవిదితపక్షపాతము

లోకమున మనుష్యులు ఒకరినొకరు నిందించుకొనుటకు వాడెడి మాటలలోఁ "గపటి" యనునది మిక్కిలి పాఁతది. మనుస్మృతి నాల్గవ యధ్యాయమున బకవ్రతికుఁడనియు, బైడాలవ్రతికుఁడనియు రెండు తెఱఁగుల కపటులు పేర్కొనఁబడిరి. కొంగ యొంటికాలిపై నిలిచి తపస్సు చేయుచున్నట్లు కానఁబడును. దాని దృష్టి మాత్రము చేఁపమీఁద నుండును. పిల్లి తపోవేషము దాల్చి యెలుకలను నమ్మించిన కథ మహాభారతమునందలి యుద్యోగపర్వమునఁ గలదు. ఈ రెండింటికిని సామాన్యమైన లక్షణ మొకటి కలదు. కొంగకుఁ దాను తపస్వి కానని తెలియును. పిల్లికిఁ దన యాఁకలి తెలియును. తాను చూపునది వేఱు, తాను కోరునది వేఱు అను నెఱుక దంభునకు నిత్యము నుండును. ఆ యెఱుక లేనిచో వాఁడు దంభుఁడు కాఁడు.

దీనికంటె సూక్ష్మమైన దోష మింకొకటి కలదు. ముత్యపుఁజిప్పను జూచి వెండి యని చెప్పినవాఁడు అబద్ధ మాడినవాఁడు కాఁడు. తనకుఁ గానవచ్చినదానినే చెప్పినాఁడు. అట్లే యొక మనుష్యుఁడు సర్వసముఁడనని నమ్ముచు, ధర్మముగాఁ దీర్పు చెప్పుచున్నాననుకొనుచు, తన కులముయొక్కయు, తన స్థితియొక్కయు, తాను నేర్చిన మాటలయొక్కయు మొగ్గును గమనింపక యొకవైపునకుఁ ద్రాసును వంచును. దీనికి అవిదితపక్షపాతమని పేరిడవచ్చును. దంభునిఁ బట్టుకొనుట సులభము. వాని మాటకును జేఁతకును గల యంతరమును జూపినఁ జాలును. అవిదితపక్షపాతము గలవాని మాటయుఁ జేఁతయు నొక్కటియే. అందుచేతనే వానివలనఁ గలుగు హాని పెద్దది. ఇంకను వింత యేమనఁగా, ఈ దోషము దుష్టులకంటె సజ్జనులనే యెక్కువగా నాశ్రయించును.

చిన్నయూళ్ల జీవితమును జిత్రించు నవలలకును, గథలకును, నాటకములకును ఈ రెండు దోషములును బ్రధానవస్తువులు. మహానగరమున మనుష్యుఁడు గుంపులో మఱుఁగుపడును. చిన్నయూరఁ బ్రతివాఁడును బ్రతివానిని వంశముతో, నప్పుతో, నూరిలోని చోటుతో నెఱుఁగును. అట్టిచోట నెఱుకయే కప్పుగా మాఱును. శ్రీకాకుళమండలమునకును దాని పొరుగుసీమకును సంబంధించిన సాహిత్య మీ విషయమును విశదముగాఁ జూపుచున్నది. పలాస, టెక్కలి, ఉద్దానపుఁ దీరము మొదలగు తావుల పలుకుబడి యీ పరీక్షకు మఱియొక సాధనము. అందుచే మొదట రెండు రచనలను, పిమ్మట నా పలుకుబడిని బరిశీలింపవలసి యున్నది.

విజయనగరమున 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో విస్తృతముగా మార్పు నొందిన గురజాడ యప్పారావుగారి "కన్యాశుల్కము" నాటకమేకాని నవల కాదు. ఐనను దెలుఁగున దంభమునకు గిరీశమును మించిన యుదాహరణము లేదు. అతఁడు వితంతూద్వాహమునుగూర్చి యుపన్యసించును, వేశ్యావృత్తిని ఖండించును. తన నడవడి వేఱుగా నుండును. తన మాట వట్టిదని యతనికిఁ దెలియును, ప్రేక్షకునకును దెలియును, అందుచేతనే నవ్వు పుట్టుచున్నది. నూఱేండ్లు దాఁటినను విమర్శకుల దృష్టి గిరీశముపైననే నిలిచియున్నది. కాని నాటకాంతమునఁ గానవచ్చు సౌజన్యారావుపంతులు అంతకంటె గంభీరమైన సమస్య. అతఁడు నిజముగా మంచివాఁడు. న్యాయవాదియై యుండియు ధనమున కాశపడఁడు; దిక్కులేని వితంతువులకు సాయపడును; వేశ్యల మొగము చూడననెడి నియమమును మనఃపూర్వకముగాఁ బాటించును. అతనికడకు మధురవాణి పురుషవేషమున వచ్చి మాటలాడును. ఆ మాటలలోని బుద్ధిని, దయను అతఁడు మెచ్చుకొనును. వచ్చినది వేశ్య యని తెలిసినంతనే చలించిపోవును.

ఇక్కడ గురజాడవారు చేసిన పని నిశితమైనది. పంతులుయొక్క నియమము దంభము కాదు. ఆ నియమము వృత్తినిఁ దిరస్కరింపఁబోయి మనుష్యునిఁ దిరస్కరించుచున్నదను సంగతి యతనికిఁ దట్టలేదు. వేషము తొలఁగునంతవఱకు మధురవాణి గుణము లతనికిఁ గానవచ్చినవి. పేరు తెలిసినపిమ్మటఁ బేరొక్కటియే కానవచ్చినది. గిరీశమును బట్టియిచ్చినది వాని యబద్ధము. పంతులునకుఁ గన్ను తెఱపించినది యొక స్త్రీయొక్క సత్యము. మొదటిదానికి శిక్ష చాలును. రెండవదానికి శిక్ష పనికిరాదు. ఎదుటివాని మాటను మొదటినుండి తుదివఱకు వినుట యొక్కటియే మందు.

ఇదే సమస్యను బల్లెయొక్క న్యాయసభలోఁ బ్రవేశపెట్టి, నవ్వున కేమాత్రమును దావీయక చిత్రించిన రచన "యజ్ఞము". దీని కర్త కాళీపట్నము రామారావుగారు 1924లో శ్రీకాకుళమండలమందలి మురపాకలో జన్మించి, చిరకాలము విశాఖపట్టణమున నుపాధ్యాయులై యుండి, 1997లో శ్రీకాకుళమునఁ గథానిలయమును నెలకొల్పి, 2021లోఁ గీర్తిశేషులైరి. "యజ్ఞంతో తొమ్మిది" యను సంపుటమునకు 1995లోఁ గేంద్రసాహిత్యఅకాడమీ పురస్కారము లభించినది. 1960ల దశకమునకుఁ జెందిన "యజ్ఞము" పరిమాణమునఁ బెద్దకథ. ఒక యూరి చరిత్రము, వ్యాపారము, కులవ్యవస్థ, మూఁడు తరముల బ్రదుకు అందిమిడియుండుటచే దాని వ్యాప్తి నవలయొక్క వ్యాప్తియే.

కథ సుందరపాలెమను నూర నడచును. అప్పల్రాముఁడను వృద్ధుఁడైన కూలి గోపన్న యను షావుకారునకు బాకీపడియున్నాఁడు. తగవు శ్రీరాములునాయుఁడను పెద్దమనిషి యెదుటికి వచ్చినది. నాయుఁడు క్రూరుఁడు కాఁడు, లంచగొండి కాఁడు. ఊరి మేలుకొఱకుఁ బాటుపడినవాఁడు, ధర్మమునందు భక్తి గలవాఁడు. షావుకారును రక్తము పీల్చు రాక్షసుఁడుగాఁ జిత్రింపఁబడలేదు. అప్పల్రాముఁడును మోసగాఁడు కాఁడు. అప్పు పుచ్చుకొన్నమాట నిజమే. పక్షము లన్నియు నోపికతో వినఁబడినవి. తుదకు అప్పు తీర్పవలసినదే యని తేలినది. ఉన్న కాస్త భూమియుఁ బోవునట్లైనది. భూమి పోయినపిదప మిగులునది వెట్టిబ్రదు కొక్కటియే యని వృద్ధుని కొడుకు సీతారాముఁడు గ్రహించినాఁడు. తన బిడ్డ యట్టి బ్రదుకు బ్రదుకరాదని యా శిశువును దానే చంపి పెద్దల యెదుటఁ బెట్టినాఁడు.

ఈ ముగింపునుగూర్చి విమర్శకులలో దీర్ఘమైన వివాదము జరిగినది. ఒక తండ్రి యట్టి పని చేయునా, చేయవచ్చునా యని పలువు రడిగిరి. ప్రశ్న యుచితమే. కాని యా ప్రశ్నకు వెనుక మఱియొక ప్రశ్న యున్నది: తీర్పులోఁ దప్పెక్కడ నున్నది? నాయుని మాటలను విడివిడిగాఁ దీసికొన్నచో దేనియందును దోషము కానరాదు. పుచ్చుకొన్న యప్పు తీర్పవలెననుట ధర్మమే. అందఱికి నొక్కటే నియమ మనుటయు ధర్మమే. దోషము నాయుఁడు చెప్పిన సమాధానమున లేదు. అతఁడు వేసికొన్న ప్రశ్నలో నున్నది. "అప్పు కలదా, లేదా" యని యడిగినాఁడు. కాయకష్టము చేయు కుటుంబ మేల యప్పుపడినది, ఊరు వృద్ధినొందుచుండఁగా నా వృద్ధిలోఁ గూలివాని పా లేమైనది యను విషయము సభకుఁ గథలుగా వినఁబడినదేకాని, తీర్పునకు సాక్ష్యముగాఁ బరిగణింపఁబడలేదు. వినుట వేఱు, లెక్కలోనికిఁ దీసికొనుట వేఱు. సభలోఁ గూలివానికి మాటాడు నవకాశము లభించినది. ఏది ధర్మప్రశ్నయో నిర్ణయించు నధికారము మాత్రము లభింపలేదు. ఇదియే యవిదితపక్షపాతముయొక్క స్వరూపము.

నాయుఁడు దంభుఁడై యున్నచోఁ గథ సులభమగును. పాఠకుఁడు వానిని ద్వేషించి, తాను వానివంటివాఁడను గానని తృప్తిపడి పుస్తకమును మూసివేయును. నాయుఁడు సజ్జనుఁడగుటచేతఁ బాఠకున కా యోదార్పు లభింపదు. కథ చదువునంతసేపు నాయుని తర్కమునకుఁ దలయూఁచినవాఁడు, శిశువు శవమును జూచినపిమ్మటఁ దన తలయూఁపునుగూర్చి తానే విచారింపవలసి వచ్చును. రచయిత యెవ్వరిని నిందింపకయే యీ పనిని సాధించెను.

ఇట్టి విషయము శ్రీకాకుళమండలమున నూహామాత్రము కాదు. 1940లోఁ బలాసయం దఖిలభారత కిసానుసభయొక్క మహాసభ జరిగినది. ఆ యేఁటనే మందసా జమీందారీలో నడవికలపనుగూర్చి రైతులకును జమీందారునకును సంఘర్షణము కలిగి, పోలీసుకాల్పులలో గున్నమ్మ యను కర్షకస్త్రీ ప్రాణములు కోల్పోయెను. కలపను గొట్టితెచ్చుట జమీందారు కచ్చేరిభాషలో దొంగతనము. రైతుల భాషలో హక్కు. పని యొక్కటియే, శబ్దములు రెండు. ఏ శబ్దము దస్తావేజులకెక్కునో యా శబ్దముతోడనే తీర్పు సగము ముగియును. కావునఁ బక్షపాతమును బరిశీలించువాఁడు నడవడితో నాగక శబ్దములను గూడఁ బరీక్షింపవలెను.

తెలుఁగున నీ పరీక్షకు వ్యాకరణమే మార్గము చూపును. ఆంగ్లకథకుఁడు పురుషుఁ డెవ్వఁడైనను, రాజైనను గూలియైనను, ఒక్క సర్వనామముతో నిర్వహించును. తెలుఁగుకథకున కా సౌకర్యము లేదు. వాఁడు, అతఁడు, ఆయన, వారు అను నాలుగును నొక్క మనుష్యునే తెలుపఁగలవు. అట్లే అది, ఆమె, ఆవిడ, వారు. పేరు చివరఁ "గారు" చేర్పవలెనా, "గాఁడు" చేర్పవలెనా యనునదియుఁ బ్రశ్నయే. ఒక కథలో "నాయుఁడుగారు విచ్చేసిరి, షావుకారు వచ్చెను, రాముఁడుగాఁడు వచ్చినాఁడు" అని యున్నచో మూఁడు రాకలకును భేదమేమి? ముగ్గురును నడచియే వచ్చిరి. భేదము రాకలో లేదు. చెప్పువాని మనస్సులో నున్నది. పాత్రలు మాటలాడునపు డిట్టి భేదము లోకస్వభావము. వానిని మార్చినచో నసత్యమగును. కథకుఁడు తన సొంతమాటగాఁ జెప్పునపుడును నదే భేదమును బాటించినచో, కథలోని పెద్దల పక్షపాతమును ఖండించుచునే దానిని దాను ననుసరించినవాఁడగును. అంటరానితనమును ఖండించు నవలలోఁ గూడ నీ చిక్కు రావచ్చును. రచయిత హృదయము శుద్ధమే. సర్వనామము మాత్రము పాఁతది.

ఇక్కడ నొక జాగ్రత్త యావశ్యకము. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ప్రకారము స్త్రీవాచకము ఏకవచనమున నమహత్తువలెను, బహువచనమున మహత్తువలెను బ్రవర్తించును. "ఆమె వచ్చినది", "ఆవు వచ్చినది" యను రెండింటను గ్రియ యొక్కటియే. దీనినిబట్టి తెలుఁగుజాతి యంతయు స్త్రీలను నవమానించెనని సిద్ధాంతము చేయుట తొందరపాటు. గోండి, కుయి భాషలందును నేకవచనమున నిట్టి విభాగమే కలదు. అది భాషాకుటుంబమునుండి సంక్రమించినది, ఏ కథకుఁడును గోరి తెచ్చుకొన్నది కాదు. క్రియ విషయమునఁ గథకునకు స్వాతంత్ర్యము లేదు, కావున దోషమును లేదు. "అది", "ఆమె" యను సర్వనామముల నడుమ నెన్నుకొనుట మాత్ర మతని యధీనము. యజమానురాలికి "ఆమె", పనికత్తెకు "అది" యని కథకుఁడు వ్రాసినచో నది వ్యాకరణముయొక్క బలవంతము కాదు. ఎన్నికకుఁ దావున్నచోటనే పక్షపాతమును వెదకవలెను.

సర్వనామములకుఁ బిమ్మటఁ బలుకుబడి. పలాస, టెక్కలి ప్రాంతమున "నాను", "ఏటి", "బేగి", "ఒచ్చినాడు" అను మాటలు సాధారణముగా వినవచ్చును. నగరవాసులు వీనిని విని నవ్వుట కలదు. చలనచిత్రములందును జిరకాలము శ్రీకాకుళపు యాస సేవకులకును, హాస్యగాండ్రకును గేటాయింపఁబడినది. ఈ నవ్వు వ్యాకరణమునకు నిలుచునా? "ఒచ్చినాడు" అనునది లక్షణసమ్మతమైన "వచ్చినాఁడు" అను రూపమునకు మిక్కిలి సన్నిహితము; నవ్వువాఁడు పలుకు "వచ్చాడు" అను రూపమే నూతనము. "నాను" కన్నడమున శిష్టుల గ్రంథభాషయందలి రూపము. బెంగుళూరున గౌరవము పొందినది టెక్కలిలో నవ్వుల పాలగుటకు ధ్వని కారణము కాదు.

ఉద్దానము అను పేరే మంచి నిదర్శనము. కొబ్బరి, జీడి, పనస తోఁటలతో నిండిన యా తీరమునకు "ఉద్యాన" శబ్దమునుండి యీ పేరు కలిగెనని చెప్పుదురు. అట్లైనచో నిచ్చట ద్యకారము ద్దకారముగా మాఱినది. "విద్య" యను తత్సమము "విద్దె" యని మాఱినపుడు నిదియే మార్పు; దానిని గవులు వాడిరి, నిఘంటుకర్తలు తద్భవమని చేర్చుకొనిరి. ఆ తోఁటలలోఁ బని చేయు కూలి "ఉద్యోగము"ను "ఉద్దోగ"మన్నచో నదే మార్పు తప్పగుచున్నది. కవి నోట వికృతి, పటములో దేశనామము, కూలి నోటఁ దప్పు. మార్పునకుఁ గారణమైన సూత్ర మొక్కటియే; దానిని బలికిన నోరు వేఱు.

ఇట్టి చిన్నచూపునకుఁ బండితులును బాధ్యులే. ఆలంకారికులు పదదోషములలో "గ్రామ్య"మును జేర్చిరి. తెలుఁగు లాక్షణికులు వ్యాకరణమునకు లోఁబడని భాషకు నదే పేరిడిరి. గ్రామమున నుండునదియుఁ, దప్పైనదియు నొక్క శబ్దముచేతనే చెప్పఁబడుటవలన, పల్లెవాఁడు నోరు తెఱవకమునుపే దోషియైనాఁడు. టెక్కలికి సమీపమున నున్న పర్లాకిమిడిలో నివసించిన గిడుగు రామమూర్తిపంతులుగారు (1863-1940) సవరల భాషను నేర్చి దానికి వ్యాకరణమును నిఘంటువును రచించిరి. తెలుఁగున వాడుకభాషకై పోరాడిరి. కొండజాతి భాషలో నియమమును జూడఁగలిగిన కన్నులకుఁ గూలివాని భాషలోను నియమము కానవచ్చుట సహజము. వారి నెదిరించి గ్రాంథికమును సమర్థించిన పండితులలోఁ బెక్కండ్రు నిష్కపటులు. భాష చెడిపోవునను భయము వారియెడ సత్యము. కాని సౌజన్యారావుపంతులును నిష్కపటుఁడే, శ్రీరాములునాయుఁడును నిష్కపటుఁడే. నిష్కపటత్వము దంభమును మాత్రమే తొలఁగించును; పక్షపాతమును దొలఁగింపదు.

ఈ సంగతిని సంస్కృతవ్యాకరణమే యేనాఁడో గుర్తించినది. పతంజలి మహాభాష్యమున నజధాతువునకు వీ యాదేశమును విధించు సూత్రము నడుమ నొక సంవాదమును జొప్పించెను. ఒక వైయాకరణుఁడు రథమును జూచి దీని ప్రవేత యెవ్వఁడని యడుగును. సారథి తాను ప్రాజిత నని బదులు చెప్పును. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపించును. సూత్రమెంతవఱకుఁ బ్రాప్తించునో మాత్రమే నీవెఱుఁగుదువు, వ్యవహార మేది కోరునో యెఱుఁగవని సారథి యుత్తరమిచ్చును. వైయాకరణుఁడు కోపించి సారథిని నిందింపఁబోయి, సూతశబ్దముయొక్క వ్యుత్పత్తినిఁ దానే తప్పుగా నూహించును. సారథి దానిని గూడ దిద్దును. వ్యాకరణశాస్త్రమున కాధారమైన గ్రంథమునందే, సారథిచేతఁ బండితుఁడు రెండుమాఱు లోడిపోయినాఁడు. ఆ పండితుఁడు దంభుఁడు కాఁడు. సూత్రమును నిజముగా నమ్మినవాఁడు. సుందరపాలెపు నాయుఁడును నట్టివాఁడే: ప్రాప్తిని దెలిసినవాఁడు, ఇష్టిని దెలియనివాఁడు.

నేఁటి రచయితలలో నీ మెలకువ పెరుగుచున్నది. 2020లోఁ గరుణకుమారుగారి దర్శకత్వమున వెలువడిన "పలాస 1978" చలనచిత్రమున నణఁగఁద్రొక్కఁబడిన కులమునకుఁ జెందిన జానపదకళాకారులే నాయకులు. వారు నవ్వు పుట్టించుటకుఁ గాక తమ సుఖదుఃఖములను జెప్పికొనుటకే యా సీమ పలుకుబడిని వాడుదురు. యాస యదియే, స్థానము మాఱినది. అంతమాత్రమునఁ బక్షపాతము నశించెనని తలఁపరాదు. యాసను మెచ్చుకొనుటయు నొక్కొక్కప్పుడు దూరమునుండి చూచు వేడుకగా మాఱును.

కావునఁ జిన్నయూరి నవలను జదువువారు మూఁడు ప్రశ్నలను వేసికొనుట మంచిది. కథలోని మంచివాఁడు దేనిని బ్రశ్నగా నంగీకరించుచున్నాఁడు, దేనిని గథగా విని విడుచుచున్నాఁడు? రచయిత తన సొంతవాక్యమున నెవ్వరికి "వారు", ఎవ్వరికి "వాఁడు" వాడుచున్నాఁడు, ఆ భేదమునకుఁ గథలోఁ గారణము కలదా? ఏ పాత్ర పలుకునపుడు పాఠకునకు నవ్వు వచ్చుచున్నది, ఆ నవ్వు మాటయొక్క భావమువలనఁ గలిగినదా, ఉచ్చారణవలనఁ గలిగినదా? మొదటి ప్రశ్న పాత్రను, రెండవది రచయితను, మూఁడవది పాఠకుని బరీక్షించును.

దంభుని యద్ద మితరులు పట్టుకొనినఁ జాలును. అవిదితపక్షపాతము గలవాఁడు తన యద్దమును దానే పట్టుకొనవలెను. మంచి కథ యా యద్దమును జేతి కందించును. మధురవాణి మాట వినుటకు సౌజన్యారావుపంతులునకు నొక రాత్రి లభించినది, అతఁడు వినినాఁడు. సుందరపాలెపు సభ యప్పల్రాముని మాట వినియు లెక్కకుఁ దీసికొనలేదు. లెక్కకు వచ్చునప్పటికి శిశువు మిగులలేదు.